యుద్ధంలో కాలు పోయిన మనిషి గుండెను, నిద్రను కనిపెట్టుకోవడం

మా వారు 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోగొట్టుకున్నారు. పుణేలోని కృత్రిమ అవయవ కేంద్రంలో కాలు అమర్చాక గండం గడిచిందనుకున్నాం. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మా దిగులంతా మొండికాలు దూర్చే సాకెట్ బిగుతు, ఒరిసిపోయిన చర్మం చుట్టూనే తిరిగింది. యాభై రెండో ఏట గుండెపోటు వచ్చినప్పుడు గానీ, ఆ గాయం కాలితో ఆగలేదని నాకు తెలియలేదు. అలాంటి మనిషి ఉన్న ఇళ్లవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాలి దగ్గరో, ఆ పైనో కాలు పోయిన అమెరికా సైనికుల్లో గుండె జబ్బు మరణాలు ఎక్కువని 1980లోనే వెల్లడైంది. ఆఫ్ఘనిస్తాన్ వెళ్లివచ్చిన 1,145 మంది బ్రిటిష్ సైనికులను ఇరవై ఏళ్లపాటు గమనించే అధ్యయనం ఇప్పుడు నడుస్తోంది. గాయపడినవారి రక్తనాళాలు మిగతావారికంటే బిరుసెక్కాయని అందులో ఇప్పటికే కనిపించింది.

ముందు మందుల డబ్బా తెరిచి చూడండి. మొండికాలి నొప్పికి మా వారు ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ మింగారు. చీటీ అడగకుండానే మందుల దుకాణంలో ఇచ్చేవారు. ఈ రకం మాత్రలు రక్తపోటును పెంచుతాయి, గుండెకూ మూత్రపిండాలకూ చేటు చేస్తాయి. వాటిని కూడా డాక్టరుకు చూపించి, బదులుగా ఏం వాడాలో అడగండి. లేని పాదం మండుతున్నట్టు, మెలిపెడుతున్నట్టు అనిపించే నొప్పికి వేరే మందులున్నాయి, అద్దం ముందు చేయించే అభ్యాసం కూడా ఉంది. అది భ్రమ అని ఆయనతో ఎన్నడూ అనకండి. ఆ మాట నేను ఒకసారి అన్నాను. తర్వాత ఏడాదిపాటు ఆయన ఆ నొప్పి సంగతి నాకు చెప్పలేదు.

బరువు తూచి నిశ్చింతగా ఉండకండి. మోకాలి కింది భాగం పాదంతో కలిపి ఒంటి బరువులో దాదాపు ఆరు శాతం ఉంటుంది కాబట్టి తూకం తక్కువ చూపిస్తుంది. నడుముకు టేపు చుట్టండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. రక్తపోటు చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఇంట్లో తరచుగా 135/85 దాటుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నడక కుదరని రోజుల్లో కుర్చీలో కూర్చునే చేతులతో వ్యాయామం చేయించవచ్చు.

ఇవన్నీ ఒకే నోటుపుస్తకంలో రాయండి. రక్తపోటు పక్కనే కాలి నొప్పి, వేసుకున్న మాత్ర, రాత్రి మేలుకున్న వేళ ఉండాలి. మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలిక్లినిక్‌లో కాలు చూసేవారు వేరు, గుండె చూసేవారు వేరు. కాలు, గుండె, నిద్ర మూడూ ఒకచోట కలిసేది మీ పుస్తకంలోనే. నిద్ర లేని మూడు రాత్రుల తర్వాత రక్తపోటు పెరగడం నేను అందులోనే కనిపెట్టాను.

మనసు గురించి అడగడం అన్నిటికంటే కష్టం. ‘ఎలా ఉన్నారు?’ అంటే ‘బాగానే ఉన్నాను’ అంటారు, అంతటితో సరి. ‘రాత్రి ఎన్నింటికి లేచారు?’ అని అడిగితే జవాబు వస్తుంది. పీడకలలు, తలుపు చప్పుడుకే ఉలిక్కిపడడం, పెళ్లిళ్లకు రాననడం, మిలిటరీ క్యాంటీన్ నుంచి తెచ్చుకున్న రమ్ము నెల మధ్యకే అయిపోవడం నెలల తరబడి సాగితే అది ఆయన స్వభావం అని సర్దుకోకండి. అది వైద్యం ఉన్న జబ్బు. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. నిద్ర కోసం తాగుతున్నానంటే నమ్మకండి, తాగిన నిద్ర తెల్లవారుజామునే విరిగిపోతుంది. దీపావళి వారం ముందే పక్కింటి పిల్లలకు చెప్పి, ఏ వేళకు టపాకాయలు కాలుస్తారో తెలుసుకుంటాను. ముందే తెలిస్తే ఆయన తట్టుకోగలరు.

చివరగా, గుండెపోటు వచ్చిన రాత్రి మేం చేసిన పొరపాటు. ఛాతీ బిగుసుకుపోయి చెమటలు కారుతుంటే ఆయన కాలు తొడుక్కోనిదే గడప దాటనన్నారు. మంచం అంచున కూర్చుని, మొండికాలికి తొడిగే మెత్తటి తొడుగు లైనర్ ఎక్కించుకోవడానికి చేతులు వణికాయి, ఇరవై నిమిషాలు పోయాయి. ఇప్పుడు మా మధ్య ఒక ఒప్పందం ఉంది. మడత చక్రాల కుర్చీ తలుపు వెనకే ఉంటుంది, మందుల జాబితా దాని జేబులో ఉంటుంది. ఛాతీలో నొప్పి అనగానే 108కి ఫోన్ చేస్తాను, ఆయన కుర్చీలో కూర్చుంటారు. కాలు సంచిలో పెట్టుకుని మా అబ్బాయి వెనక వస్తాడు.