టీవీ నడుస్తుంటే ఫోన్ ఎప్పుడు తీయాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి

టీవీ ముందు ఫోన్ ముట్టుకోవద్దు అంటే మన ఇళ్లల్లో ఎవరూ వినరు, కాబట్టి ఆ మాట వదిలేద్దాం. అసలు సంగతేంటంటే మెదడు రెండూ ఒకేసారి చూడదు, కాసేపు ఇటు కాసేపు అటు మారుతుంటుంది, మారిన ప్రతిసారీ ఏదో ఒకటి మిస్సవుతాం. ఏది మిస్సయినా పర్లేదో ముందే అనుకోండి.

ఫస్ట్, టీవీలో వచ్చేది చెవితో అర్థమవుతుందా లేదా చూడండి. తెలుగు సీరియల్ అయితే చాలావరకు అవుతుంది, డైలాగులు వినిపిస్తాయి, పెద్దదేమైనా జరిగితే బీజీఎం మోగిపోతుంది, తర్వాత అందరి మొహాలూ ఒక్కొక్కటిగా క్లోజప్‌లో చూపిస్తారు కాబట్టి తలెత్తేంత టైమ్ దొరుకుతుంది. అదే కొరియన్ డ్రామా సబ్‌టైటిల్స్‌తో చూస్తుంటే ఫోన్ పక్క గదిలో పెట్టేయండి, రెండు లైన్లు పోతే కథే పోతుంది.

ఇక ఫోన్‌లో ఏం చేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. ఫొటోలు తిప్పడం, సరుకులు ఆర్డర్ పెట్టడం ఓకే. పొడుగు మెసేజ్ చదవడం, టైప్ చేయడం మాత్రం వద్దు, ఎందుకంటే ఒకరి మాటలు వింటూ ఇంకొకరి మాటలు చదివితే రెండూ సరిగ్గా ఎక్కవు. సౌండ్‌తో రీల్స్ అయితే అస్సలు వద్దు, పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా టీవీ వినపడదు.

ఐపీఎల్‌కి ఇది ఇంకా ఈజీ. ప్రతి ఇన్నింగ్స్‌లో రెండు స్ట్రాటజిక్ టైమౌట్లు ఉంటాయి, ఒక్కోటి రెండున్నర నిమిషాలు, బౌలింగ్ టీమ్ 6 నుంచి 9 ఓవర్ల మధ్య తీసుకుంటుంది, బ్యాటింగ్ టీమ్ 13 నుంచి 16 మధ్య. గ్రూపులో రిప్లైలన్నీ అప్పుడే పెట్టేయండి. ఓవర్ ఓవర్‌కీ మధ్య గ్యాప్‌లో అయితే నోటిఫికేషన్లు చూడ్డానికే టైమ్ సరిపోతుంది, లోపలికెళ్తే ఫస్ట్ బాల్ పోయినట్టే.

యాప్‌లో లైవ్ చూసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. స్ట్రీమింగ్ సాధారణంగా కేబుల్, డీటీహెచ్ కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది, మీ స్క్రీన్ మీద బౌలర్ ఇంకా పరిగెత్తుతుండగానే గ్రూపులో "అవుట్!!" అని పడిపోతుంది, చివరి ఓవర్లో అంతకన్నా బాధ ఉండదు. మ్యాచ్ మొదలయ్యే ముందే వాట్సాప్ గ్రూపుని 8 గంటల పాటు మ్యూట్ చేయండి, స్కోర్ యాప్ నోటిఫికేషన్లు విడిగా ఆపండి. ఇంటి నుంచి కాల్ మిస్సవుతుందని భయముంటే డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, అమ్మానాన్నల నంబర్లకి మాత్రం పర్మిషన్ ఇవ్వండి.