ఒకే జట్టు, ఇద్దరు కోచ్‌లు: ఎవరి ఆలోచన ఏమిటో ఆట చూసి తెలుసుకోవడం ఎలా?

కోచ్ మారిన ఏడాదే జట్టు గెలిస్తే, కొత్తాయన మేధావి, పాతాయనకు ఆటే తెలియదు అని తేల్చేస్తారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు గురించి ఈ మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను. మార్క్ జాక్సన్ 2013-14లో 51 మ్యాచ్‌లు గెలిపించాడు, అయినా పదవి పోయింది. మరుసటి సీజన్‌లో స్టీవ్ కెర్ 67 గెలిపించి, 1975 తర్వాత మొదటిసారి టైటిల్ తెచ్చాడు. దాంతో తీర్పు అయిపోయింది. ఆ తీర్పులో సగమే న్యాయం ఉందని నా నమ్మకం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి, అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇస్తాను. ఈ ఇద్దరి ఆటనూ పక్కపక్కన పెట్టి చూడటం వల్ల నా పిల్లలకు ఏది ముందు నేర్పాలో, ఏది తర్వాత నేర్పాలో నాకు స్పష్టమైంది. మీరు కోచ్ అయినా, కేవలం అభిమాని అయినా ఇలా చూడవచ్చు.

ముందుగా సరైన జంటను ఎంచుకోండి. కోచ్‌తో పాటు జట్టంతా మారిపోతే పోలిక పనికిరాదు, తేడా ఆటగాళ్లదో కోచ్‌దో చెప్పలేం. వారియర్స్ జంట బాగా కుదరడానికి కారణం ఇదే. కర్రీ, థాంప్సన్, గ్రీన్, ఇగ్వోడాలా, బోగట్, బార్న్స్, డేవిడ్ లీ ఇద్దరి దగ్గరా ఆడారు. కెర్ వచ్చాక చెప్పుకోదగ్గ కొత్త ముఖాలు లివింగ్‌స్టన్, బార్బోసా మాత్రమే.

తర్వాత ఆ ఇద్దరూ ఆటగాళ్లుగా ఎలా బతికారో చదవండి. కోచ్‌ల అభిప్రాయాల్లో చాలావరకు అక్కడే పుడతాయి. జాక్సన్ పాయింట్ గార్డ్, అంటే బంతిని నడిపించి ఆటను మొదలుపెట్టే ఆటగాడు. కెరీర్‌లో 10 వేలకు పైగా అసిస్ట్‌లు (తోటివాడి బుట్టకు దారితీసిన పాస్‌లు) ఇచ్చినవాడు. తనకంటే చిన్నవాడు ఎదురైతే వీపు తిప్పి, ఒక్కో అడుగూ వెనక్కి తోసుకుంటూ బుట్ట దగ్గరికి చేరడం అతని ప్రత్యేకత. అతను దాన్ని ఎంతగా వాడాడంటే, అలా వీపు పెట్టి ఐదు సెకన్లకు మించి నెట్టకూడదని 1999-2000 సీజన్ నుంచి ఎన్‌బీఏ నిబంధనే పెట్టింది. కెర్ కథ వేరు. చికాగోలో ఫిల్ జాక్సన్ దగ్గర, శాన్ ఆంటోనియోలో పోపొవిచ్ దగ్గర ఆడి ఐదు టైటిళ్లు అందుకున్న షూటర్. తన షాట్‌ను తానే సృష్టించుకునే రకం కాదు. ఎవరో ఒకరు సమయానికి బంతి అందిస్తేనే అతనికి పని. ఒకరు బలహీనమైన ప్రత్యర్థిని వెతికి అక్కడే కొడదామంటారు, ఇంకొకరు బంతిని తిప్పి ఖాళీ పుట్టిద్దామంటారు. వాళ్ల గతం చూస్తే రెండింటిలోనూ ఆశ్చర్యం లేదు.

ఇక ఆట చూడటం. హైలైట్స్ వద్దు. వాటిలో పడిన షాట్లే ఉంటాయి, షాట్ ఎలా పుట్టిందో కత్తిరించేస్తారు. పూర్తి మ్యాచ్ రికార్డింగ్ సంపాదించి, వ్యాఖ్యానం ఆపేసి, కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. ఒక క్వార్టర్ చాలు. బంతి జట్టు చేతికి వచ్చినప్పటి నుంచి పోయేదాకా ఒక వరుస రాయండి: ఎన్ని పాస్‌లు, షాట్ ఎవరిది, ఆ సమయంలో బంతి లేని నలుగురు ఏం చేస్తున్నారు. మూడో గడి అన్నిటికంటే ముఖ్యం. చేతిలో బంతి ఉన్న కర్రీ ఏ కోచ్ దగ్గరైనా కర్రీనే. బంతి లేని నలుగురిని ఎక్కడ నిలబెట్టాడో, ఎప్పుడు కదిలించాడో చూస్తేనే కోచ్ కనిపిస్తాడు.

జాక్సన్ కాలానికి 2013 ప్లేఆఫ్స్‌లో శాన్ ఆంటోనియోతో రెండో రౌండ్ మొదటి మ్యాచ్ పెట్టుకోండి. కర్రీ 44 పాయింట్లు చేశాడు, అందులో 22 మూడో క్వార్టర్‌లోనే. రెండు ఓవర్‌టైమ్‌లతో 58 నిమిషాలు సాగిన ఆటలో కొన్ని సెకన్లు తప్ప మొత్తం కోర్టులోనే ఉన్నాడు. మూడో క్వార్టర్ చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ మీ కాగితంలో మూడో గడిని గమనించండి: ఒకరు స్క్రీన్ పెడతారు (డిఫెండర్ దారికి ఒంటితో అడ్డు నిలబడతారు), మిగతావాళ్లు చాలాసార్లు తమ చోట్లలో నిలబడి ఎదురుచూస్తారు. నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా 16 పాయింట్ల ఆధిక్యం ఉంది. అదంతా కరిగిపోయి 129-127తో ఓడారు. ఇక్కడే తొందరపడి కోచ్‌ను తిట్టకండి. ఆ ఆధిక్యం కరగడం మొదలైంది థాంప్సన్ ఆరో ఫౌల్‌తో బయటికి వెళ్లాక. ప్రత్యర్థి పాయింట్ గార్డ్ టోనీ పార్కర్‌ను కాపు కాస్తున్నది అతనే. కాగితం మీద ఈ విషయం కూడా రాసుకోకపోతే మీ పోలిక అన్యాయమవుతుంది.

కెర్ కాలానికి 2014-15లో ఏ మ్యాచ్ అయినా తీసుకోండి, ఒక్క కదలిక కోసం వెతకండి. బోగట్ గానీ గ్రీన్ గానీ ఫ్రీ త్రో గీత చివర బంతి అందుకుంటాడు. బంతి ఇచ్చిన కర్రీ ఆగడు. నేరుగా థాంప్సన్ వైపు వెళ్లి అతనికి స్క్రీన్ పెడతాడు. ఆ క్షణంలో ఇద్దరు డిఫెండర్లకూ ఒకటే సందేహం: ఎవరి వెంట ఎవరు వెళ్లాలి? ఇద్దరూ థాంప్సన్ వెంట పడితే కర్రీ బుట్ట వైపు జారుకుంటాడు. కర్రీకే అంటుకుంటే థాంప్సన్ మూడు పాయింట్ల గీత దగ్గర ఖాళీ. మొదట బంతి అందుకున్న ఆ బోగట్ లేదా గ్రీన్ దాన్ని తల మీద పట్టుకుని వేచి ఉంటాడు, ఎవరు విడివడితే వారికి ఇస్తాడు. గొప్ప షూటర్ చేత స్క్రీన్ పెట్టించడం అనే ఈ చిన్న పని వెనక కెర్ నమ్మకమంతా ఉంది. వీడియో ఆపి, వెనక్కి తిప్పి, కర్రీ పాదాలను మాత్రమే చూస్తూ మళ్లీ చూడండి.

అంకెలు దీని తర్వాతే. 2013-14లో మ్యాచ్‌కు పాస్‌ల సంఖ్యలో వారియర్స్ 30 జట్లలో అట్టడుగున ఉంది, సుమారు 245. కెర్ రాగానే 300 లక్ష్యంగా పెట్టాడు, జట్టు దాన్ని దాటింది. అసిస్ట్‌లలో లీగ్‌లోనే మొదటి స్థానానికి వచ్చింది. ఆటగాళ్ల కదలికలను లెక్కించే కెమెరాలు అన్ని స్టేడియాల్లోకీ వచ్చింది 2013-14లోనే కాబట్టి జాక్సన్ తొలి రెండు సీజన్ల సంగతి మీ పెన్సిలే చెప్పాలి. ఇంకో మాట: పాస్‌లు పెరిగితే మంచిదే అనుకోవద్దు. కెర్ తొలి వారాల్లో బంతి విపరీతంగా చేజారింది. అలంకారాలు మాని తేలికైన పాస్‌లు ఇవ్వమని అతను నెత్తీనోరూ బాదుకోవాల్సి వచ్చింది. అది కుదిరాక వరసగా 16 గెలిచారు. పాస్‌ల పక్కన టర్నోవర్ల (బంతి చేజారిన సందర్భాల) గడి కూడా గీసుకోండి.

డిఫెన్స్‌ను మాత్రం వేరే కాగితం మీద రాయాలి. ఎక్కువమంది వదిలేసే భాగం ఇదే, జాక్సన్‌కు అన్యాయం జరిగేదీ ఇక్కడే. అతను వచ్చేనాటికి వారియర్స్ అంటే పరుగెత్తి షాట్లు వేసే జట్టు, ఎదుటివాణ్ణి ఆపాలన్న పట్టింపు లేని జట్టు. మూడో ఏడాదికి డిఫెన్స్‌లో లీగ్‌లోని మొదటి ఐదు జట్లలో ఒకటిగా నిలిచింది. బోగట్‌ను బుట్ట కాపలాకు పెట్టి, ప్రత్యర్థి పాయింట్ గార్డ్ మీదకు థాంప్సన్‌ను పంపి, ఆపినవాడికే ఆడే నిమిషాలన్న క్రమశిక్షణ నాటాడు. కెర్ ఆ పునాది తవ్వలేదు, దాని మీదే అంతస్తు లేపాడు. రాన్ ఆడమ్స్‌ను సహాయకుడిగా తెచ్చుకుని, మొదటి ఏడాదే డిఫెన్స్‌లో అగ్రస్థానానికి చేర్చాడు. రెండో కోచ్ ఏమి మార్చాడో రాసినట్టే ఏమి మార్చలేదో కూడా రాయండి. జాక్సన్ వల్లే జట్టు డిఫెన్స్ మెరుగుపడిందని కెర్ స్వయంగా చాలాసార్లు ఒప్పుకున్నాడు.

బెంచ్‌ను చూడటం మరవకండి. ఇగ్వోడాలా అప్పటివరకూ కెరీర్‌లో ఆడిన ప్రతి మ్యాచ్‌నూ మొదటి ఐదుగురిలో ఉండే మొదలుపెట్టాడు. కెర్ అతన్ని బెంచ్ మీదకు పంపాడు, బార్న్స్‌కు ఆ స్థానం ఇచ్చాడు. అహం దెబ్బతినే విషయం అది, అయినా జట్టు చీలలేదు. ఆ ఏడాది ఫైనల్స్‌లో క్లీవ్‌ల్యాండ్ 2-1తో ముందుండగా, నాలుగో మ్యాచ్‌కు బోగట్‌ను పక్కన పెట్టి అదే ఇగ్వోడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. ఆ సూచన నిక్ యురెన్ అనే యువ సహాయకుడిది. మనకు ఉదయం ఆరున్నరకు మొదలైన ఆ మ్యాచ్‌లో వారియర్స్ 0-7తో వెనకబడినా, కెర్ టైమ్‌అవుట్ తీసుకుని అదే ఐదుగురితో కొనసాగాడు. 103-82తో గెలిచారు. ఇగ్వోడాలా ఫైనల్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు. కింది ఉద్యోగి మాటకు కోచ్ ఎంత విలువ ఇస్తాడన్నది కూడా అతని ఆటలో భాగమే. జాక్సన్ చివరి సీజన్‌లో ఇద్దరు సహాయకులు అర్ధాంతరంగా తమ స్థానాలు పోగొట్టుకున్నారు. ఈ విషయంలో కెర్‌దే పైచేయి అని మొహమాటం లేకుండా చెబుతాను.

తీర్పు రాసే ముందు కోచ్ చేతిలో లేనివాటిని కొట్టేయండి. 2014లో క్లిప్పర్స్‌తో ఏడు మ్యాచ్‌ల వరకు పోరాడి ఓడిన జాక్సన్ జట్టుకు బోగట్ లేడు, పక్కటెముక విరిగి కూర్చున్నాడు. కెర్ మొదటి సీజన్ ఆరంభంలో డేవిడ్ లీ తొడ కండరం పట్టేసి ఆగిపోవడం వల్ల గ్రీన్‌కు దారి దొరికింది. ఆ దారిని మూసేయకుండా ఉంచడం మాత్రం కెర్ ఘనత.

మీరు కోచ్ అయితే ఇద్దరినీ వరసలో వాడుకోవచ్చు. నా పిల్లలకు సీజన్ మొదట్లో జాక్సన్ పద్ధతే నేర్పుతాను: ఎవరిని ఎవరు ఆపాలి, బుట్ట ముందు ఎవరు నిలవాలి, ఎదుటివాళ్లలో పొట్టి గార్డ్ ఎవరు. అవి కుదిరాకే పాస్ ఇచ్చినవాళ్లు నిలబడిపోకుండా తోటివారికి స్క్రీన్ పెట్టే సాధన. కోర్టు మీద ముగ్గురితో, డ్రిబుల్ లేకుండా, బుట్ట వైపు కట్ చేసినవారికే (చటుక్కున పరుగెత్తినవారికే) బంతి ఇవ్వాలన్న షరతుతో మొదలుపెట్టండి.

ఈ పద్ధతి చేతికి వచ్చాక చికాగో బుల్స్‌ను పట్టుకోండి: 1988-89లో డగ్ కాలిన్స్, 1989-90లో ఫిల్ జాక్సన్. రెండేళ్లూ జట్టు తూర్పు విభాగం ఫైనల్లో డెట్రాయిట్ చేతిలోనే ఓడింది, ఒకసారి ఆరు మ్యాచ్‌లలో, మరోసారి ఏడింటిలో. ఫలితం ఇంచుమించు ఒకటే కాబట్టి అది మీ కళ్లకు గంతలు కట్టదు. పాస్‌ల లెక్క ఎక్కడా దొరకదు, అంతా మీరే రాసుకోవాలి. జోర్డాన్ బంతిని ఎన్ని సెకన్లు పట్టుకుంటున్నాడు, పిపెన్ చేతుల మీదుగా ఆట ఎన్నిసార్లు మొదలవుతోంది, ఈ రెండు గడులతో ప్రారంభించండి.