సెకండ్ హ్యాండ్ ఆస్టన్ మార్టిన్ వి8 వాంటేజ్: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా నడపాలి

ముందే ఒక మాట చెప్పేస్తా, మీటర్ మీద తక్కువ కిలోమీటర్లున్న కారు కోసం వెతక్కండి, క్రమం తప్పకుండా నడిపిన కారు కోసం వెతకండి. ఈ కార్లు కొనేవాళ్ళలో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పదేళ్ళలో పది వేల కిలోమీటర్లే తిరిగిందంటే అబ్బ కొత్త కారే అనుకుంటాం కానీ అన్నేళ్ళు కవర్ కింద కదలకుండా ఉన్న కారులో రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, బ్రేక్ డిస్కులకి తుప్పు పడుతుంది, టైర్లు గట్టిపడిపోతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది. ఏటా సర్వీస్ చేయించి వారం వారం బయటికి తీసిన కారు మీటర్ మీద అరవై వేలున్నా నాకు అదే ముద్దు.

నేను చెప్పేది 2005లో జెనీవా మోటార్ షోలో వచ్చి 2017 దాకా తయారైన పాత వి8 వాంటేజ్ గురించి. బ్రిటిష్ లగ్జరీ స్పోర్ట్స్ కార్లలో మొదటిసారి కొనేవాళ్ళకి ఇంతకంటే మంచిది నాకు తోచదు. వార్విక్‌షైర్‌లోని గేడన్ ఫ్యాక్టరీలో చేశారు, బాడీ కింద అంతా జిగురుతో అతికించిన అల్యూమినియం ఫ్రేమ్, ఇంజన్ మాత్రం జాగ్వార్ వి8ని తీసుకుని బాగా మార్చి జర్మనీలో కొలోన్‌లో చేతితో బిగించింది. ఇంజన్ ముందుంటుంది, గేర్‌బాక్స్ వెనక చక్రాల దగ్గరుంటుంది, అందుకే బరువు ముందు 49 వెనక 51 శాతంగా పంచుకుని మలుపుల్లో కారు మన నడుము చుట్టూ తిరిగినట్టు ఉంటుంది.

ఇందులో ముందొచ్చింది 4.3 లీటర్లది, 380 హార్స్ పవర్. 2008లో 4.7 లీటర్లు చేసి 420కి పెంచారు. డబ్బు సరిపోతే 4.7 తీసుకోండి, టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, 409 నుంచి 470 న్యూటన్ మీటర్లకి పెరిగింది, అది ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు కూడా తెలుస్తుంది. సరిపోకపోతే బాగా చూసుకున్న 4.3 కొనండి, పాడైపోయిన 4.7 మాత్రం వద్దు. వి12 వాంటేజ్ కూడా ఉంది, 5.9 లీటర్లు, 510 హార్స్ పవర్, అది ఇంకో లోకం, ఖర్చు కూడా ఇంకో లోకమే, కాబట్టి మొదటి కారుగా వద్దంటాను.

గేర్లు మాన్యువల్‌లోనూ దొరుకుతాయి, స్పోర్ట్‌షిఫ్ట్‌లోనూ దొరుకుతాయి. స్పోర్ట్‌షిఫ్ట్‌ని చాలామంది ఆటోమేటిక్ అనుకుని కొంటారు, అది ఆటోమేటిక్ కాదు, లోపలున్నది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మెషిన్ చేస్తుంది అంతే. దాన్ని ట్రాఫిక్‌లో ఇంచి ఇంచి పాకిస్తే, ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో ఆపి పట్టుకుంటే, రివర్స్‌లో నెమ్మదిగా గుంజితే క్లచ్ కాలిపోతుంది. ఆగిన ప్రతిసారీ న్యూట్రల్‌లో పెట్టాలి, గేరు పెంచేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్క క్షణం ఎత్తాలి, అప్పుడు సాఫీగా పడుతుంది. ట్రాఫిక్ ఎక్కువున్న చోట తిరిగేవాళ్ళకి నేనైతే మాన్యువలే చెప్తా.

క్లచ్ గురించి ఇంత ఎందుకు చెప్తున్నానంటే ఈ కారులో జేబు ఖాళీ చేసే పని అదే. గేర్‌బాక్స్ వెనకుంది, క్లచ్ ముందు ఇంజన్‌కి ఉంది, మధ్యలో అల్యూమినియం గొట్టం, దాని లోపల కార్బన్ ఫైబర్ షాఫ్ట్. క్లచ్ మార్చాలంటే సైలెన్సర్ దించాలి, గేర్‌బాక్స్ దించాలి, ఆ గొట్టాన్ని వెనక్కి లాగాలి, అందుకే సామాను ఖర్చు కన్నా కూలి ఎక్కువనిపిస్తుంది. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌లో మూడో గేరో నాలుగో గేరో వేసి తక్కువ ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి, ఆర్‌పీఎం పైకి లేచి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే. క్లచ్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, బిల్లు లేకపోతే ఆ ఖర్చు మీదే అనుకుని బేరం మొదలుపెట్టండి.

చూడ్డానికి వెళ్ళే ముందు ఓనర్‌కి ఫోన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఎందుకు ముందే వేడి చేశారో అడగండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడే గడగడలు, పొగ, వణుకు బయటపడతాయి, వేడెక్కాక అన్నీ దాక్కుంటాయి. పాత 4.3 ఇంజన్లకి ముందు వైపు టైమింగ్ కవర్ (టైమింగ్ చైన్ మీదుండే మూత) దగ్గర ఆయిల్ చెమర్చడం మామూలే, అయితే కింద ప్లాస్టిక్ పళ్ళెం అడ్డం ఉంటుంది కాబట్టి నేల మీద చుక్క పడలేదని నమ్మొద్దు, కారు లిఫ్ట్ ఎక్కించి పళ్ళెం విప్పించి చూడాల్సిందే. ఈ కార్లు తెలిసిన మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించండి, ఆ డబ్బు దండగ కాదు.

పెయింట్ కూడా దగ్గరికెళ్ళి చూడండి. అల్యూమినియంకి ఎర్ర తుప్పు పట్టదు కానీ తెల్లగా పొడిలా తినేస్తుంది, పైన పెయింట్ బుడగల్లా లేస్తుంది, ముఖ్యంగా డోర్ హ్యాండిళ్ళ చుట్టూ, సైడ్ మిర్రర్ల కింద. వేలితో తడిమితే తెలిసిపోతుంది. చాసిస్ నంబర్ ఎస్‌సీఎఫ్ అని మొదలవ్వాలి, కాగితాల్లో ఉన్నదీ కారు మీద ఉన్నదీ ఒక్కో అక్షరం పోల్చుకోండి. టైర్ పక్కన నాలుగు అంకెలుంటాయి, 3219 అంటే 2019లో 32వ వారం, అరుగుదల ఎంత తక్కువున్నా ఏడెనిమిదేళ్ళు దాటితే మార్చాల్సినవే అనుకోండి. తాళాలు రెండూ ఉన్నాయా చూడండి, తర్వాతి కార్లలో గాజు తాళం డాష్‌బోర్డ్‌లోకి నొక్కితే స్టార్ట్ అవుతుంది, అది పోతే కొత్తది చాలా ఖరీదు. సర్వీస్ ఏడాదికోసారి లేదా 16,000 కిలోమీటర్లకి, బుక్కులో ఏళ్ళ మధ్య ఖాళీలుంటే కారణం అడగండి.

సరే కొన్నారు, ఇంటికొచ్చింది. హ్యాండ్‌బ్రేక్ డోర్ వైపు సీటు పక్కనుంటుంది, పైకి లాగి వదిలాక లివర్ మళ్ళీ కింద పడిపోతుంది, పడిందంటే బ్రేక్ పడలేదని కాదు, మొదటి వారం అందరూ తికమక పడతారు. ఆర్‌పీఎం ముల్లు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, అలవాటయ్యాక మిగతా కార్లవే తప్పుగా కనిపిస్తాయి. డోర్ తెరిస్తే కొంచెం పైకి లేస్తుంది, 12 డిగ్రీలు, అందుకే ఎత్తు ఫుట్‌పాత్ పక్కన ఆపినా అంచు గీసుకోదు. ఎంత ఆలోచించి చేశారో చూడండి.

ఇంజన్‌కి ఇది డ్రై సంప్, అంటే ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఆపి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగి చూడాలి. తక్కువ కనిపించిందని చల్లటప్పుడు పోసేస్తే ఎక్కువైపోతుంది, అదీ ప్రమాదమే. స్టార్ట్ చేయగానే గర్రుమనిపించొద్దు, ఆయిల్ వేడెక్కేదాకా 3000 ఆర్‌పీఎం దాటించకండి, ఓపిక పట్టండి.

బ్యాటరీ సంగతి నాకు అనుభవమే. నెల రోజులు ఊళ్ళో లేను, చార్జర్ తగిలించలేదు, తిరిగొచ్చేసరికి పూర్తిగా దిగిపోయింది. డోర్ తీసేటప్పుడు కిటికీ అద్దం కాస్త కిందికి జారాలి, కరెంట్ లేకపోతే జారదు, బలవంతంగా లాగితే అద్దం, సీలు రెండూ దెబ్బతింటాయి. నెమ్మదిగా అద్దాన్ని లోపలికి నొక్కి పట్టుకుని తీశాను, అప్పట్నుంచి కారు ఆగితే చార్జర్ తగలాల్సిందే.

ఇక నడపడం. పొద్దున్నే ఐదున్నరకి, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు తీయండి, వంపులున్న రోడ్డు పట్టుకోండి, అతి వేగం అక్కర్లేదు. కిటికీ సగం దించి మూడో గేరులో మెల్లగా తొక్కుతూ పోండి. 4000 ఆర్‌పీఎం దగ్గర సైలెన్సర్‌లో వాల్వులు తెరుచుకుంటాయి, అప్పటిదాకా మర్యాదగా ఉన్న కారు ఒక్కసారి గొంతెత్తుతుంది, ఆ క్షణం కోసమే నేను కొన్నాను. కొంతమంది 22వ నంబర్ ఫ్యూజు పీకేసి వాల్వులు ఎప్పుడూ తెరిచే ఉంచుతారు, ఫ్యూజు తిరిగి పెడితే మళ్ళీ మామూలే, కానీ నాకు ఆ తేడానే ఇష్టం, పైగా ఇరుగుపొరుగు నిద్రపోతున్నప్పుడు ఆ నెమ్మది కావాలి కూడా. వెనక డిక్కీ 300 లీటర్లు, ఇద్దరికి రెండు రోజుల బట్టలు హాయిగా పడతాయి, ట్యాంకు 80 లీటర్లు, కాబట్టి దూరాలకి భయపడొద్దు. చివరి ఐదు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి బ్రేకులు, ఇంజన్ చల్లబడనిచ్చి లోపల పెట్టండి, చార్జర్ తగిలించండి, వచ్చే ఆదివారం మళ్ళీ తీయండి.