ఉన్నితో రెండు రోజులు – మూడో పాఠం: కదురు పట్టడం

ఉన్ని తెచ్చి ఉతకడం గురించిన పోయిన పాఠం చదివి స్నేహితులతో కలిసి శని, ఆదివారాలు గొర్రెల మంద దగ్గర గడిపి వచ్చినవాళ్లలో చాలామందిది ఒకటే కష్టం. ఉతికిన ఉన్ని గడ్డకట్టింది. వడకడం నేర్పే ముందు ఈ సంగతి తేల్చాలి, ఎందుకంటే గడ్డకట్టిన ఉన్నిని ఎవరూ వడకలేరు.

ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. వేడినీళ్లు, సబ్బు తగలగానే అవి విచ్చుకుంటాయి. ఆ సమయంలో రుద్దితే ఒక పోగు పొలుసులు పక్క పోగుకు పట్టుకుని బిగుసుకుపోతాయి, ఇక విడదీయలేం. మురికి కనిపిస్తే బట్టలు ఉతికే చెయ్యి ఊరుకోదు. రుద్దకండి, పిండకండి, కుళాయి ధార కింద పెట్టకండి. వేడినీళ్లలోంచి తీసి చన్నీళ్లలో వేయకండి.

నేను చేసేది ఇది. కూరగాయల నెట్ సంచిలో ఉన్నిని వదులుగా నింపుతాను. బకెట్లో సుమారు 50 డిగ్రీల నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు. బట్టల సోడా మాత్రం వద్దు, అది ఉన్నిని తినేస్తుంది. సంచిని నీళ్ల మీద ఉంచితే అదే మునుగుతుంది. పావుగంట ముట్టుకోను. తర్వాత ఎత్తి, అంతే వేడి ఉన్న మంచినీళ్లలో రెండుసార్లు ముంచి, తువ్వాలులో పెట్టి అదిమి, నీడలో ఆరేస్తాను. మెరీనో అనే విదేశీ జాతి గొర్రెల ఉన్ని కోసం చేసిన వీడియోల్లో చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లు వాడతారు. మన దక్కనీ గొర్రెల ఉన్నిలో జిడ్డు తక్కువ, అంత వేడి అక్కర్లేదు.

గడ్డకట్టినదాన్ని పారేయకండి. పలచగా అదిమి, ఆరాక పాదం కొలతకు కత్తిరిస్తే చెప్పుల్లోకి మంచి మెత్తలవుతాయి.

ఒక బృందానికి ఉన్నే దొరకలేదు. వాళ్లు వెళ్లింది నెల్లూరు గొర్రెల మంద దగ్గరికి. ఆ జాతి ఒంటిమీద ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ వైపు కురుమల దగ్గర నల్ల దక్కనీ గొర్రెల గురించి అడగండి. ఏడాదికి రెండుసార్లు బొచ్చు తీస్తారు, ఆ రోజులు కనుక్కుని వెళ్లండి. డబ్బులిచ్చి కొనండి. ఇప్పుడు చాలాచోట్ల తీసిన కూలి కూడా ఉన్నికి రావడం లేదు, ఊరికే అడిగి తీసుకోవడం నాకు నచ్చదు.

ఇక వడకడం. ఉన్నిని దువ్వి పోగులు విడదీసే బ్రష్‌ల జోలికి నేను పోను. నలుగురూ చాప మీద కూర్చుని, మాట్లాడుకుంటూ వేళ్లతోనే పోగులు విప్పండి. పుల్లలు, పల్లేరు కాయలు రాలిపోతాయి. ఆ ఉన్నిని చేతికి వదులుగా చుట్టుకోండి. కదురుకు, అంటే తిప్పుతూ దారం వడికే పుల్లకు, మొదటి దారం కట్టడం మీకు తెలిసిందే.

నన్ను బాగా విసిగించే తప్పు ఇక్కడే జరుగుతుంది. రెండు చేతులూ దగ్గరగా పెట్టి ఉన్నిని లాగుతారు. అది రాదు. గట్టిగా గుంజుతారు, తెగుతుంది. ఉన్ని బాగాలేదంటారు. ఉన్నిది తప్పు కాదు. కుచ్చులోంచి ఒక పోగు తీసి వేలి పక్కన పెట్టి కొలవండి. రెండంగుళాలు ఉందనుకుందాం. మీ చేతుల మధ్య ఒకటిన్నర అంగుళమే ఉంటే, అదే పోగు ఒక కొసను ఎడమచెయ్యి, రెండో కొసను కుడిచెయ్యి పట్టుకున్నట్టు. ఇక అది ఎటు జారుతుంది? చేతులు మూడంగుళాల దూరం పెట్టండి, జారుతుంది. పోగు మూడంగుళాలుంటే నాలుగు పెట్టండి. పొట్టి పోగులు, పొడుగు పోగులు కలిసి ఉంటే పొడుగు పోగునే లెక్కలోకి తీసుకోండి. దూరం సరిగ్గా ఉన్నా రావడం లేదంటే పురి, అంటే దారంలో పడే మెలి, వేళ్లు దాటి పైకి ఎక్కిందన్నమాట. కింది చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పురిని గట్టిగా ఆపండి, పైచెయ్యి మాత్రం వదులుగా ఉండాలి. కురుమ ఇళ్లలో పెద్దమ్మలు వడికేటప్పుడు ముఖం వైపు కాదు, రెండు చేతుల మధ్య ఖాళీ వైపు చూడండి.

కొత్తవాళ్లు కదురును గాల్లో వేలాడదీయకండి. కూర్చుని, కుడివైపుకి తిప్పి పురి పెట్టి, మోకాళ్ల మధ్య ఆపండి. అప్పుడు ఉన్ని సాగదీయండి. వేళ్లు వదిలితే పురి పైకి పాకుతుంది. వడికింది కదురుకు చుట్టి మళ్లీ మొదలుపెట్టండి. వడికిన రెండు దారాలు కలిపి పేనేటప్పుడు కదురు ఎడమవైపుకి తిరగాలి.

అభ్యాసం: ఆదివారం సాయంత్రానికి ఒక్కొక్కరు 50 మీటర్ల దారం వడకాలి. స్కేలు మీద ఒక అంగుళం మేర చుట్లు పక్కపక్కన చుట్టి లెక్కపెట్టండి. మొదట్లో, మధ్యలో, చివర్లో చుట్ల తేడా నాలుగు దాటితే ఆ ముక్క పక్కన పెట్టి మళ్లీ వడకండి. వచ్చే పాఠంలో పడుగుకు, అంటే మగ్గం మీద నిలువు దారాలకు, చింతగింజల గంజి పట్టిస్తాం, కిలో గింజలు సంపాదించి ఉంచండి.