జాలారి మొక్క కవర్లోనే ఆగిపోయిందా? ముందు వేరు కడిగి చూడండి

జాలారి గుగ్గిలం కుటుంబానికి చెందిన అడవి చెట్టు. దాని గింజ బాగానే మొలుస్తుంది, నాలుగైదు ఆకులు వేస్తుంది. ఆ తర్వాత అక్కడే నిలబడిపోతుంది. ఆకు పాలిపోతుంది. ఏడాది గడిచినా జానెడు దాటదు. గుగ్గిలం (సాల్) మొక్కలదీ ఇదే వరస. ఫోన్ చేసినవాళ్లు ముందుగా అడిగేది "ఏ మందు కొట్టాలి?" అని. మందు సంగతి తర్వాత. ఒక్క మొక్కనైనా కవర్ చింపి, బకెట్ నీళ్లలో మెల్లగా ఆడించి, వేరు కడిగి చూశారా? చూశామన్నవాళ్లు చాలా తక్కువ. దయచేసి అది చేశాకే మిగతాది చదవండి.

వేరు ఎలా ఉంది?

అడుగున చుట్టుకుపోతే కవర్ చిన్నదైంది. నల్లబడి కుళ్లు వాసన వస్తే నీళ్లు ఎక్కువయ్యాయి, చిల్లులు మూసుకుపోయాయి. ఇవి మీకు తెలిసినవే.

వేరు శుభ్రంగా ఉండీ మొక్క కదలకపోతే, పీచు వేర్ల కొసలను లెన్స్‌తో చూడండి. బాగున్న జాలారి వేరు కొస పొట్టిగా, కాస్త లావుగా, చిన్న చిన్న కొమ్మలుగా చీలి, పైన తెల్లటిదో గోధుమరంగుదో తొడుగు వేసుకున్నట్టు ఉంటుంది. ఆ తొడుగు ఒక శిలీంధ్రం. మట్టిలోని భాస్వరం, నత్రజని మొక్కకు అందించి, బదులుగా చక్కెర తీసుకుంటుంది. కొసలు సన్నగా, బోడిగా ఉన్నాయంటే మీ మొక్కకు ఆ తోడు దొరకలేదు.

"అడవి మట్టి కలిపాం కదా!"

నేనూ ఇదే అన్నాను. అనుమతి తీసుకుని శేషాచలం నుంచి రెండు బస్తాలు తెచ్చాను. నల్లటి మట్టి, పిడికిట పడితే ఆకు కుళ్లిన కమ్మటి వాసన. రెండేళ్లు మొక్కలు ఉలకలేదు, పలకలేదు. ఆ మట్టి ఎర్రచందనం చెట్ల కిందిది.

ఎర్రచందనం వేర్లలో కాపురముండే శిలీంధ్రం వేరే రకం. అది వేరు కణాల్లోపలికి వెళ్లిపోతుంది, బయట తొడుగు వేయదు, లెన్స్‌కీ కనపడదు. టేకు, వేప, కానుగ కూడా ఆ కోవలోవే. జాలారికి, గుగ్గిలానికి పనికొచ్చేది తొడుగు వేసే రకమే. అదే కొండ, అదే వాన, అదే రాతినేల. నాలుగు అడుగులు వేస్తే జాలారి చెట్టు ఉంది, నేను దాని కిందికి వెళ్లలేదు.

బస్తర్‌లో తొలి వానలకు బోడా పుట్టగొడుగులు ఏరేవాళ్లు నేరుగా గుగ్గిలం చెట్ల కిందికే పోతారు, ఆ బోడా కూడా వేరుకు తొడుగు వేసే శిలీంధ్రమే. పైన్‌కూ ఈ తొడుగు రకమే కావాలి. ప్యూర్టో రికోలో పైన్ మొక్కలు ఏళ్ల తరబడి పాలిపోయి చచ్చిపోయేవి. 1955లో బయటి నుంచి పైన్ అడవి మట్టి తెప్పించి కలిపాకే నిలదొక్కుకున్నాయి.

కాబట్టి పెద్ద జాలారి కింద ఆకు చెత్త పక్కకు నెట్టి, పై నాలుగు అంగుళాల మట్టి సన్న వేర్లతో సహా తీయండి. ఒకే చెట్టు కింద తవ్వకుండా ఐదారు చెట్ల దగ్గర కొంచెం కొంచెం తీసుకోండి. అటవీ శాఖ అనుమతి లేకుండా వద్దు. పక్కన ఏ చెట్లున్నాయో కూడా చూడండి. చుట్టూ ఎర్రచందనమే ఉంటే జాలారి కింద తవ్వినా చేతికొచ్చేది ఎర్రచందనం వేరు కావచ్చు. కొసకు తొడుగు ఉందో లేదో అక్కడే చూసుకోండి. గోనెసంచిలో, నీడలో, తడి ఆరకుండా తెచ్చి రెండు మూడు రోజుల్లో కలిపేయండి. పది గంపల మిశ్రమానికి ఒక గంప చాలు. ఎండబెట్టారో, శ్రమంతా వృథా.

సరైన మట్టి కలిపినా తొడుగు పట్టకపోతే

డీఏపీ ఆపండి. భాస్వరం పుష్కలంగా దొరికితే మొక్క శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు. కవర్లో పశువుల ఎరువు, చెరువు పూడిక తగ్గించి ఎర్రమట్టి, ఇసుక పెంచండి. ముందుజాగ్రత్త పేరుతో మొదట్లో శిలీంధ్రనాశిని పోయడం కూడా మానండి, దాంతో మనకు కావాల్సింది కూడా పోతుంది.

నులిపురుగులు, జింక్ లోపం లాంటివి ఉండొచ్చు గానీ అరుదు. వాటి గురించి టెన్షన్ పడకండి.

మూడు నాలుగు నెలలకు మళ్లీ ఒక మొక్క తీసి కడిగి చూడండి. తొడుగు పట్టిన మొక్కలు కొన్నింటిని బెడ్‌లో దూరదూరంగా నాటి, మధ్యలో కొత్త మొలకలు పెడితే వేరు నుంచి వేరుకు అదే పాకుతుంది. ఇప్పుడు మా నర్సరీలో అలాగే చేస్తున్నాం. మట్టి కోసం అడవికి వెళ్లడం మానేశాం.