టర్కిష్ నామవాచకానికి ‘నా’, ‘నీ’, ‘అతని’ చేర్చి విభక్తి పెట్టడం ఎలా?

తెలుగులో ‘మా ఇళ్లలో’ అని రెండు మాటల్లో చెప్పేదాన్ని టర్కిష్‌లో ‘ఎవ్‌లెరిమిజ్‌దె’ అని ఒక్క మాటలో చెబుతారు. ‘ఎవ్’ అంటే ఇల్లు, ‘లెర్’ బహువచనం, ‘ఇమిజ్’ మా, ‘దె’ లో. నామం, బహువచనం, ఎవరిదో తెలిపే ప్రత్యయం, చివర విభక్తి అనే ఈ వరుసను ముందుగా మనసులో నాటుకోవాలి. పట్టికలన్నీ బట్టీ పట్టడం కంటే ఇలా ఒక్క మాటను విడదీసి, మళ్లీ కలిపి చూడటమే మేలు.

మొదట నామంలోని చివరి అచ్చును చూడండి. దాన్నిబట్టి ప్రత్యయంలోని అచ్చు మారుతుంది: ఇంట్లో అంటే ‘ఎవ్‌దె’, బడిలో అంటే ‘ఒకుల్‌దా’. ‘పిల్లికి’, ‘ఆవుకు’ అని సహజంగా అనే మనకు ఈ పద్ధతి కొత్తది కాదు.

తర్వాత ఎవరిదో చెప్పండి. ‘ఎవిమ్’ నా ఇల్లు, ‘ఎవిన్’ నీ ఇల్లు, ‘ఎవినిజ్’ మీ ఇల్లు. ‘ఎవి’ మాత్రం అతని ఇల్లు, ఆమె ఇల్లు కూడా, ఎందుకంటే టర్కిష్‌లో లింగభేదం లేదు. ‘ఒకుల్’కైతే ఇవే ‘ఒకులుమ్’, ‘ఒకులున్’, ‘ఒకులు’ అవుతాయి. అచ్చు పరమైనప్పుడు కొన్ని మాటల చివరి పరుషం సరళమవుతుంది: ‘కితాప్’ పుస్తకం, ‘కితాబా’ పుస్తకానికి.

ఇక విభక్తి. ‘నా ఇంటికి’ అనాలంటే ‘ఎవిమ్’కు ‘ఎ’ చేర్చి ‘ఎవిమె’ అంటే సరిపోతుంది. చిక్కంతా ‘అతని’ దగ్గరే వస్తుంది. ‘ఇల్లు’ అనే మాట ‘కి’ చేరేముందు ‘ఇంటి’గా మారినట్లే, ‘ఎవి’ కూడా విభక్తికి ముందు ఒక ‘న్’ను తెచ్చుకుంటుంది: ‘ఎవినె’ అతని ఇంటికి, ‘ఎవిన్‌దె’ అతని ఇంట్లో, ‘ఎవిన్‌దెన్’ అతని ఇంటి నుంచి. అయితే ‘ఎవిన్‌దె’ అంటే ‘నీ ఇంట్లో’ అని కూడా అర్థం కనుక, సందర్భం చాలనప్పుడు ముందు ‘సెనిన్’ (నీ) లేదా ‘ఒనున్’ (అతని) చేర్చాలి.

యజమాని పేరు చెప్పేటప్పుడు తెలుగు అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ‘అలీ ఇల్లు’ అని మనం పేరును, వస్తువును పక్కపక్కన పెడితే చాలు. టర్కిష్‌లో రెండింటికీ గుర్తు ఉండాలి, అంటే ‘అలీనిన్ ఎవి’ అనాలి. 1928 నుంచి వాడుకలో ఉన్న లాటిన్ లిపిలో పేరుకూ విభక్తికీ మధ్య, పైభాగాన చిన్న కామా లాంటి గుర్తు పెడతారు. ఇప్పుడు ‘అలీ బడికి వెళ్తున్నాను’ అనే వాక్యాన్ని కూర్చి చూడండి: ‘అలీనిన్ ఒకులునా గిదియోరుమ్’. ‘ఒకులు’కూ చివరి ‘ఆ’కూ మధ్య నిలిచింది ఆ ‘న్’ శబ్దమే.