కీర్తన్ సాధనలో చిక్కులు: తప్పు చేతిదా, గొంతుదా, చెవిదా?

చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుని, పెద్దయ్యాక హైదరాబాద్‌లో ఒక గురుద్వారాలో కీర్తన్ (సిక్కుల భక్తిగానం) నేర్చుకోవడానికి హార్మోనియం ముందు కూర్చున్నాను. కింద రాసిన తప్పుల్లో సగానికి పైగా నావే.

చెయ్యి ఆగితే శ్రుతి జారిపోతోంది

వాయిస్తూ పాడితే బాగానే ఉంటుంది. పెట్టె (హార్మోనియం) మూయగానే గొంతు ఎటో పోతుంది. లోపం గొంతులో లేదు. పాడే ప్రతి అక్షరానికీ కుడిచెయ్యి ఒక మెట్టు నొక్కుతుంటే చెవి పని మానేసింది, అంతే.

వారం రోజులు తంబూరా యాప్ పెట్టుకుని పెట్టె లేకుండా పాడండి. తర్వాత షడ్జం ఒక్కటే నొక్కిపట్టి అదే పంక్తి పాడండి. అది నిలబడ్డాకే చెయ్యి కదపండి. గొంతు వెళ్లిన చోటికి చెయ్యి రావాలి గానీ, చేతి వెనకాల గొంతు పరిగెత్తకూడదు.

ఇందులోనే ఇంకో మెలిక. పద్యనాటకాల హార్మోనియం విని పెరిగిన చెవులు కదా, పంక్తికీ పంక్తికీ మధ్య వేళ్లు ఊరుకోవు. కీర్తన్‌లో ఆ సంగతులు శబద్‌ను, అంటే పాడే సిక్కు భక్తిగీతాన్ని, మింగేస్తాయి. పైగా ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారడం ఈ వాద్యానికి చేతకాదు. జారుడంతా గొంతుతోనే పలకాలి; చెయ్యి బయల్దేరిన స్వరాన్నీ, దిగిన స్వరాన్నీ నొక్కితే చాలు. అంతర గాంధారం (గ స్వరాల్లో పైది) దగ్గర తంబూరాతో చిన్న పేచీ వినిపిస్తే మీ చెవి మంచిదేనన్నమాట. అరస్వరాన్ని 100 సెంట్లు అనుకుంటే, హార్మోనియం గాంధారం సహజ గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ పలుకుతుంది. అక్కడ మెట్టు వదిలేసి పాడండి.

గురు నానక్ పాడుతుంటే ఆయన సహచరుడు భాయీ మర్దానా వాయించింది రబాబ్ అనే తంత్రీ వాద్యం. హార్మోనియం 19వ శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చింది. హర్‌మందిర్ సాహిబ్‌లో (అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో) తంత్రీ వాద్యాలు మళ్లీ రావాలని 2022లో సిక్కుల అత్యున్నత మతపీఠం అకాల్ తఖ్త్ చెప్పింది కూడా. కమానుతో వాయించే దిల్‌రుబా దొరికితే వినండి, గొంతు ఎలా జారాలో అర్థమవుతుంది.

"స్వరం బాగుంది, మాట మీది కాదు" అంటున్నారు

ఇది అచ్చంగా మన జబ్బు. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మనకు తోచదు. శబద్‌లు రాసే పంజాబీ లిపి గుర్ముఖిలో కూడా మాట చివర చిన్న ఇకారాలూ ఉకారాలూ రాస్తారు, కానీ చాలా చోట్ల అవి వ్యాకరణం కోసమే. రాసేది "సతి నాము", పలికేది "సత్ నామ్". తెలుగు లిపిలో అక్షరం అక్షరం దించుకుని పాడితే దొరికిపోతాం. నేను ఆరు నెలలు అలాగే పాడాను, మర్యాదకి ఎవరూ చెప్పలేదు!

పాడే ముందు ఆ శబద్‌ను రాగం లేకుండా చదివించుకుని వినండి. పలకని అచ్చుల్ని పెన్సిల్‌తో కొట్టేయండి. అన్నీ గుడ్డిగా కొట్టేయకూడదు, కొన్ని పలుకుతాయి. గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీ గారిని అడగడమే మేలు.

రాగం తెలిసిందే, అయినా తప్పంటున్నారు

పేరు చూసి మోసపోయారు. సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లోని 31 ముఖ్య రాగాల్లో మొదటిది శ్రీ. మన శ్రీరాగం ఖరహరప్రియ జన్యం. ఉత్తరాది శ్రీ మాత్రం పూర్వీ థాట్‌ది (థాట్ అంటే ఉత్తరాది మేళం), అంటే మన కామవర్ధిని స్వరాలు. తోడి అంటే మనకు హనుమతోడి, వాళ్లకు శుభపంతువరాళి స్వరాలు. పేరు పక్కన పెట్టి ఆరోహణ, అవరోహణ రాయించుకోండి.

తెలిసిన సంగీతం సాయపడే చోట్లూ ఉన్నాయి. ఉత్తరాది భైరవ్ రాగం స్వరాలు మనం సరళీలు పాడుకున్న మాయామాళవగౌళవే. తెల్లవారుజామున గురుద్వారాల్లో పాడే ఆసా దీ వార్‌లో వినిపించే ఆసా రాగం ఆరభికి చాలా దగ్గర: ఎక్కేటప్పుడు సరిమపదస, దిగేటప్పుడు ఏడు స్వరాలూ. ఆరభి గమకాలు మాత్రం ఇంట్లో వదిలి రండి.

పాడుతుంటే పల్లవి లేనట్టుంది

మొదటి పంక్తినే పల్లవి చేశారు. "రహాఉ" అని రాసి ఉన్న పంక్తి ఎక్కడుందో వెతకండి. అది తరచూ ఒకటి రెండు పంక్తుల తర్వాత ఉంటుంది. దాన్ని స్థాయిగా, అంటే పల్లవిగా పాడి, మిగతావి (అంతరాలు) చరణాల్లా అందుకుని మళ్లీ దానికే రావాలి.

రెండో అంతరాకే గొంతు బొంగురు

రికార్డింగ్‌లోని రాగీ (కీర్తన్ పాడే గాయకుడి) శ్రుతినే మీరూ పట్టుకున్నారేమో చూడండి. "కాలీ ఏక్" (మొదటి నల్ల మెట్టు) అంటే మన ఒకటిన్నర శ్రుతి, "కాలీ చార్" అంటే ఐదున్నర. తారస్థాయి మధ్యమం నొప్పి లేకుండా, మంద్ర పంచమం గాలి కాకుండా పలికే చోటే మీ షడ్జం. శ్రుతి సరిపోయినా గొంతు పట్టేస్తుంటే మెట్ల మీదికి వంగి పాడుతున్నారేమో గమనించండి.

పెట్టె గొడవలు

పంక్తి మధ్యలో శబ్దం వెక్కిళ్లు పెడితే తిత్తిని తాళానికి కొడుతున్నారన్నమాట. పూర్తిగా విప్పకుండా, పూర్తిగా మూయకుండా సగం సగం నెమ్మదిగా ఊపండి. అయినా గాలి చాలకపోతే స్టాపులన్నీ (ముందు లాగే గుబ్బలు) మూసి ఊదండి: లోపలి తిత్తి వెంటనే కూలిపోతే ఎక్కడో కారుతోంది. నొక్కకుండానే ఒక స్వరం మోగుతుంటే ఆ మెట్టు కింద దుమ్ము చేరి ఉండొచ్చు, వానాకాలమైతే చెక్క ఉబ్బి ఉండొచ్చు. దుమ్మును మెత్తటి బ్రష్‌తో తీయవచ్చు. రీడును మాత్రం గీకకండి, శ్రుతి మారిపోతుంది. ఆ పని రిపేరు చేసేవాళ్లకే వదిలేయండి.